బొచ్చులేని పిల్లికి గజ్జి కాదు, పట్టింది షాపు మందు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో బొచ్చు లేని పిల్లిని కొని, పని మీద వేరే ఊరు వెళ్తూ మా దగ్గర వదిలాడు. ఎనిమిది నెలల మగపిల్లి. మెడ మడతల్లో, చంకల్లో, గోళ్ల సందుల్లో గోధుమరంగు జిడ్డు చేరింది. గడ్డం మీద నల్ల చుక్కలు, వాసన. గజ్జి అనుకుని వేపనూనెలో పసుపు కలిపి పూశాం, తగ్గలేదు. మందుల షాపాయన ‘పిడుదులు, గజ్జి అన్నీ పోతాయి’ అని వీపు మీద చుక్కలుగా వేసే మందు, బొచ్చు రావడానికి టానిక్ ఇచ్చాడు. మందు వేసిన రాత్రి నుంచి రెండు రోజులు ఒళ్లంతా వణికింది. చలేమో అని దుప్పటి కప్పాం. ఇప్పుడు వణుకు లేదు కానీ మేత సగమే తింటోంది. ఒళ్లు కాలిపోతోంది. పారాసిటమాల్ సగం బిళ్ల వేయవచ్చా? ఈ గజ్జి గేదెలకు అంటుతుందా? వీధి పిల్లితో కలిపితే బొచ్చులేని పిల్లలు పుడతాయా?
– ఓ పసుపు రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ముందు పారాసిటమాల్ సంగతి. వేయకండి. సగం కాదు, పావు బిళ్ల కూడా వద్దు. ఆ మందును అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం గోధుమరంగుకు తిరిగి, ఊపిరాడక చచ్చిపోతుంది. అసలు మీ పిల్లికి జ్వరం ఉందని నేను అనుకోవడం లేదు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. బొచ్చు అడ్డం లేదు కాబట్టి మీ చేతికి నేరుగా తగులుతోంది, అంతే. అనుమానంగా ఉంటే డిజిటల్ థర్మామీటర్ మొనకు కాస్త వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 103 దాటితే ఆస్పత్రికి తీసుకురండి.

ఇక వణుకు. రోహిణి కార్తెలో, దుగ్గిరాలలో, చలేమిటండీ? అది విషం. మీరు మందు పేరు రాయలేదు గానీ, లక్షణాలను బట్టి అది కుక్కల పిడుదులకు వేసే పర్మెత్రిన్ అయి ఉంటుందని నా అనుమానం. మీకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. పత్తి మీద కొట్టే సైపర్‌మెత్రిన్‌కు ఇది దాయాది. 10 శాతం మందును మీరు లీటరు నీటికి ఒక మిల్లీలీటరు కలిపి కొడతారు. కుక్కల చుక్కల మందుల్లో పర్మెత్రిన్ 40 శాతం పైనే ఉన్న రకాలు ఉన్నాయి. దాన్ని చుక్క నీరు కలపకుండా, బొచ్చు కూడా లేని చర్మం మీద పోశారు! కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. వణుకు, నురగ, ఫిట్స్, ఆపైన చావు. మీది బతికి బయటపడడం దాని అదృష్టం. డబ్బా మీద ‘కుక్కలకు మాత్రమే’ అని రాసే ఉంటుంది. అమ్మినాయన చదవలేదు, మీరూ చదవలేదు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసి జాగ్రత్తపడే రైతు, పశువుల మందు దగ్గరికి వచ్చేసరికి షాపాయన నోటి మాట నమ్మేస్తాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఈ అలవాటు మారలేదు.

ఈ రోజే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో ఒకసారి కడిగి తుడవండి. వేడి నీళ్లు వద్దు, చర్మంలో మిగిలిన మందు ఇంకా లోపలికి ఇంకుతుంది. మళ్లీ వణికితే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వణుకును ఆపే ఇంజక్షన్లు ఉన్నాయి. సగం మేత అన్నారు. పిల్లి రెండు రోజులు పూర్తిగా తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదో పెద్ద జబ్బు అవుతుంది, కాబట్టి అంతవరకూ ఆగకండి.

చర్మానికి వస్తే, మీరు రాసినదాన్ని బట్టి గజ్జి కాదు. పిల్లి గజ్జి చెవి అంచుల్లో మొదలై ముఖమంతా బూడిదరంగు పొక్కు కడుతుంది, గోకి గోకి రక్తాలు కారతాయి, ఎత్తుకున్నవాళ్లకూ దురద వస్తుంది. మీది మడతల్లో చేరిన జిడ్డు. అన్ని పిల్లుల చర్మమూ నూనె ఊరుస్తుంది. బొచ్చు ఉంటే అది పీల్చుకుంటుంది, ఇక్కడ పీల్చేదేమీ లేదు. నిలిచిన జిడ్డులో ఈస్టు అనే బూజు జాతి సూక్ష్మజీవి పెరిగి వాసన వస్తుంది. ఆ జిడ్డు మీద మీరు మళ్లీ వేపనూనె పూశారు! పసుపు మన దుగ్గిరాల యార్డుకు బంగారమే, కానీ ఈ పిల్లికి వద్దు. పూసిందంతా అది నాకి కడుపులోకి పంపుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, మైకోనజోల్ 2 శాతం కలిసిన పశువుల షాంపూ తీసుకుని వారానికి రెండుసార్లు, మూడు వారాలు స్నానం చేయించండి. నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, ఆ పది నిమిషాలూ నాకకుండా పట్టుకోవాలి. తర్వాత బాగా కడిగి, మడతలు తడి లేకుండా మెత్తటి బట్టతో అద్దాలి. తగ్గాక ఏడు నుంచి పది రోజులకు ఒక స్నానం చాలు. రోజూ చేయిస్తే చర్మం పొడిబారి ఇంకా చెడుతుంది. డెటాల్ నీళ్లు, నేల మీద ఫినాయిల్ రెండూ పిల్లికి విషమే, పాదాలు నాకుతుంది కదా. చెవుల గులిమి వారానికోసారి చెవులు శుభ్రం చేసే లోషన్, దూదితో తుడవాలి, పుల్లలు పెట్టకండి. గోళ్ల మొదళ్లు కూడా అప్పుడే తుడవండి. గడ్డం మీద నల్ల చుక్కలకు ప్లాస్టిక్ గిన్నె ఒక కారణం కావచ్చు, స్టీలు గిన్నెలో పెట్టి రోజూ కడగండి.

బొచ్చు వచ్చే టానిక్ పారేయండి. స్ఫింక్స్ అనే ఈ జాతి 1966లో కెనడాలోని టొరంటోలో సహజంగా వచ్చిన జన్యు మార్పుతో పుట్టిన ఒక పిల్లి కూనతో మొదలైంది. వెంట్రుకను గట్టిగా నిలిపే కెరాటిన్ జన్యువులోనే మార్పు ఉంది. సీసా తాగిస్తే జన్యువు మారదు.

సంపర్కం గురించి: స్ఫింక్స్ లక్షణం అంతర్గతం. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. మీ వీధి పిల్లితో కలిపితే బొచ్చున్న పిల్లలే పుడతాయి. బొచ్చులేని రష్యా జాతి డాన్‌స్కాయ్ అయితే లక్షణం బహిర్గతం, ఒక వైపు నుంచి వచ్చినా చాలు, కొన్ని పిల్లలకు వస్తుంది. మీది ఏదో కొన్న చోట అడగండి. అమ్మకం లెక్క వేస్తుంటే ఒక మాట: స్ఫింక్స్‌లో గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఎక్కువ. గుండెకు ఎకో తీయించకుండా దాటించకండి, దాటించకపోతే బీజాలు తీయించండి. గేదెల దిగులు అక్కర్లేదు, ఈ జిడ్డు అంటువ్యాధి కాదు.

పగలు పది నుంచి నాలుగు దాకా డాబా మీదికి వదలకండి. తెల్ల చర్మం ఎండకు కాలి, ఏళ్లు గడిస్తే క్యాన్సర్ దాకా పోవచ్చు. మనుషుల సన్‌స్క్రీన్ పూయవద్దు. పెరుగన్నంతో ఇది బతకదు, మాంసాహారి. టారిన్ అనే పోషకం లేకపోతే కళ్లు, గుండె చెడతాయి. పిల్లుల మేతతో పాటు ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేయవద్దు.

టీకాల గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇంతకుముందు వేయించకపోతే పిల్లుల మూడు జబ్బుల టీకా ఇప్పుడు ఒకటి, మూడు నాలుగు వారాలకు మరొకటి, రేబిస్ ఒకటి వేయించి, రేబిస్ ఏటా కొనసాగించండి. అయితే ముందు అది పూర్తిగా మేత తినాలి.

పై మాటలన్నీ ఉత్తరం చదివి చెప్పినవి. గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి గానీ, దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరకు గానీ తీసుకెళ్లి చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూపించండి. వెళ్లేటప్పుడు ఆ షాపు మందు డబ్బా సంచిలో వేసుకోండి, పిల్లితో పాటు అదీ చూడాలి.