కోస్తాలో ఒకే రోజు వడగాడ్పు, పిడుగుల వాన: రెండు హెచ్చరికలూ ఎలా సాధ్యం?

మే నెలలో కోస్తా ఆంధ్రకు ఒకే రోజున ఈ రెండు హెచ్చరికలూ రావడంలో వైరుధ్యం లేదు. రెండింటికీ మూలం ఆ ఎండే.

మామూలుగా మధ్యాహ్నానికి బంగాళాఖాతం నుంచి వీచే సముద్రపు గాలి తీరాన్ని చల్లబరుస్తుంది. అయితే దక్కను పీఠభూమి మీదుగా వచ్చే పొడి పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఆ చల్లగాలి లోపలికి రాలేదు, లేదా బాగా ఆలస్యంగా వస్తుంది. విజయవాడ, ఒంగోలు వంటి చోట్ల ఎండ 43, 44 డిగ్రీలకు చేరేది అటువంటి రోజుల్లోనే. తీరప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలో అంతకు మించో ఎక్కువగా నమోదైతే వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. మైదానాలకు ఆ హద్దు 40 డిగ్రీలు. తీరానికి తక్కువ హద్దు పెట్టడం సబబే, ఎందుకంటే ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

ఇక సాయంత్రం ఆ సముద్రపు తేమగాలి లోపలికి చొచ్చుకువచ్చి, కాగిన నేలమీది వేడిగాలిని కలిసిన చోట, ముఖ్యంగా తూర్పు కనుమల వాలుల్లో, గాలి వేగంగా పైకి లేచి పిడుగుల వాన కురిపించే నిలువెత్తు క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. అవి ఏ ఊరిమీద విరుచుకుపడతాయో ముందురోజే చెప్పడం కష్టం. రాడార్ ఆధారంగా రెండు మూడు గంటల ముందు వచ్చే హెచ్చరికనే ఎక్కువగా నమ్మాలి. పొలాల్లో పనిచేసేవారు ఫోనులో పిడుగుల గురించి హెచ్చరించే 'దామిని' యాప్ ఉంచుకోవాలని, ఉరుము వినిపించగానే చెట్టు కిందికి కాక పక్కా భవనంలోకి వెళ్లాలని నా విన్నపం.