ముందు పులిజూదం గీయమనండి

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజినీరింగ్ వద్దు, వీడియో గేమ్ డిజైన్ చదువుతానని పట్టుబట్టాడు. ఆటలు కూడా ఒక చదువేనా? - ఒక తల్లి, చిత్తూరు

జవాబు: చదువేనమ్మా. కాకపోతే ఆడటం వేరు, ఆట కట్టడం వేరు. మీవాడికి ఏది ఇష్టమో తేల్చుకోవడానికి ఫీజులు అక్కర్లేదు. ఒక సుద్దముక్క, 15 చింతగింజలు, 3 రాళ్లు చాలు.

వైకుంఠపాళిలో ఆడేవాడు ఆలోచించి తేల్చేదేమీ లేదు, పందెం ఎంత పడితే అంత. పుణ్యం దగ్గర నిచ్చెన, పాపం దగ్గర పాము. కర్మఫలం గురించి చెప్పదలచుకున్నది ఆ నియమంలోనే ఇమిడిపోయింది. పులిజూదం దారి వేరు. 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను తినాలి, మేకలు కూడగట్టుకుని పులిని కదలనివ్వకూడదు. బలహీనులు ఎలా నెగ్గుతారో ఊరి రచ్చబండ మీదే నేర్పిన ఆట అది. గేమ్ డిజైనర్ పని కూడా ఇలా నియమాలు అల్లడమే. బొమ్మలు, కోడింగ్ ఆ తర్వాత.

మేకలన్నీ దించేదాకా ఏ మేకా కదలకూడదు కదా. ఆ ఒక్క నియమం తీసేసి, ఇద్దరు స్నేహితుల చేత పక్షాలు మారుస్తూ 10 ఆటలు ఆడించమనండి. ఎవరు గెలిచారు, ఎన్ని ఎత్తులు పట్టాయి, ఎక్కడ విసుగొచ్చింది అన్నీ నోటుబుక్కులో రాయాలి. మేకలే వరుసగా గెలుస్తుంటే పులికి ఏమిస్తే ఆట నిలబడుతుందో ఆలోచించాలి. ఒకేసారి రెండు నియమాలు మారిస్తే ఆటను చెడగొట్టింది ఏదో తెలియదు. ఆడేవాళ్లకు మీవాడు పక్కనుంచి సలహాలు అందించకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రేపు ప్రతి ఫోను పక్కనా మీవాడు కూర్చోలేడు కదా! నాలుగో ఆటకే నోటుబుక్కు మూసేశాడంటే మోజు ఆడటం మీదే అనుకోండి.

పది ఆటలదాకా నిలబడితే అప్పుడు కంప్యూటర్. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4 ఉచితం, 2డి ఆటకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. తెలుగు చూపించాలన్నా అదే నయం. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ యూనిటీలో అక్షరాలు చూపించడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రోలో ఒత్తులు అక్షరం కింద కూర్చోవు, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయిపోతుంది.

కథకు దూరం పోనక్కర్లేదు. తిరుపతి గంగజాతరలో అమ్మవారు ఆడవాళ్లను వేధించే పాలెగాడి కోసం రోజుకో వేషంలో వెతుకుతుంది. బైరాగి, బండ, తోటి వేషాలు దాటి దొర వేషంలో వాణ్ణి పట్టుకుంటుంది. ఆటలో వేషం మారితే బట్టలు మారడం కాదు, వెళ్లగలిగే వీధులు, ఎదుటివాళ్లు పలికే తీరు మారాలి. మరి ఓటమి ఎలా? అమ్మవారు చనిపోయినట్టు చూపిస్తే ఊరు ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. పాలెగాడు తప్పించుకుంటాడు, మళ్లీ వెతకాలి. సంస్కృతి తెలిసినవాడికి నియమం దానంతటదే దొరికేది ఇలాంటి చోటే. 10 నిమిషాల్లో అయిపోయే ఆట చేయమనండి. పూర్తయిన మూడు చిన్న ఆటలు సగంలో ఆగిన ఒక పెద్ద ఆట కంటే ఎక్కువ పనికొస్తాయి.

చదువు సంగతి. ఐఐటీల్లో బి.డెస్ అనే డిజైన్ డిగ్రీకి ఐఐటీ బాంబే జనవరిలో పెట్టే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో బొమ్మ గీయడం కూడా ఉంటుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) సంస్థలకు ప్రవేశ పరీక్ష వేరు. బెంగళూరు ఎన్‌ఐడీలో డిగ్రీ తర్వాత చదివే డిజిటల్ గేమ్ డిజైన్ ఎం.డెస్ ఉంది. నన్నడిగితే, కోడింగ్ అంటే విసుగు లేకపోతే దగ్గర్లోనే బీటెక్ సీఎస్‌ఈ చేరనివ్వండి. ఫ్రెషర్‌ను నేరుగా డిజైనర్‌గా తీసుకునే స్టూడియోలు తక్కువ. ప్రోగ్రామర్‌గానో టెస్టర్‌గానో చేరి అటు మళ్లేవాళ్లే ఎక్కువ.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం నిషేధించింది. మీవాడు అడుగుతున్నది ఆ రంగం కాదు, ఆ భయం వద్దు. భయపడాల్సింది ‘గేమింగ్ డిప్లొమా’ అని బోర్డు పెట్టే సంస్థల గురించే. డబ్బు కట్టే ముందు, పోయిన బ్యాచ్ చేసిన ఒక ఆటను మీ ఫోన్లో ఆడించి చూపించమనండి. 3డి బొమ్మలే చూపిస్తే అది యానిమేషన్ కోర్సే.