చేప భాగాలు, వేట మాటలు: మొప్ప దగ్గర మొదలుపెడితే చాలావరకు తెలుస్తాయి

“మత్స్యశాఖ కరపత్రంలో ఫోర్క్ పొడవు, వల కన్ను, బైక్యాచ్ అని రాశారు. బజారుకెళ్తే మొప్ప చూడు, జన ఉందేమో చూడు అంటారు. ఇవన్నీ ఏమిటి?” అని అడిగారు. మీది విజయనగరం అన్నారు. అంటే చింతపల్లి, కోనాడ నుంచి వచ్చే సముద్రపు చేప, తాటిపూడి లాంటి జలాశయాలూ చెరువుల నుంచి వచ్చే బొచ్చె, రోహు రెండూ మీ చేతికి వస్తాయి. వాటితోనే చెబుతాను.

ముందు మొప్ప. తల పక్కన గట్టిగా కనిపించే పలక మొప్ప మూత మాత్రమే, అసలు మొప్ప దాని లోపల ఉంటుంది. మూత ఎత్తితే ఒక్కో పక్క నాలుగు వంపు ఎముకలు వరుసగా కనిపిస్తాయి. వాటి బయటి అంచున ఎర్రటి రేకులు ఉంటాయి. నీళ్లలోని ఆక్సిజన్ రక్తంలో కలిసేది అక్కడే. లోపలి అంచున, గొంతు వైపు, తెల్లటి పళ్ల వరుస ఉంటుంది. దానికి ఊపిరితో పనిలేదు, తిండితోనే పని. నీటితో పాటు లోపలికి వచ్చిన నలుసు మొప్ప సందుల్లోంచి జారిపోకుండా ఆపుతుంది. కానాగంత (మాకరెల్) చేప నోరు బాగా తెరిచి చూడండి, ఆ పళ్లు పొడవుగా ఈకల్లా కనిపిస్తాయి. బొచ్చెకు కూడా ఇవి పొడవుగా, ఒత్తుగా ఉంటాయి. పైనీటిలో తేలే సూక్ష్మజీవులే దాని తిండి, నోరు పైకి తిరిగి ఉండేదీ అందుకే. వేటాడి తినే పండుగప్పకు ఈ పళ్లు పొట్టిగా, దూరం దూరంగా ఉంటాయి. సొర చేపకు (షార్క్), టేకు చేపకు (రే) మొప్ప మూతే ఉండదు. సొరకు చాలావరకు పక్కన ఐదు చీలికలు, టేకుకు పొట్టవైపు ఐదు చీలికలు.

(కానాగంత శాస్త్రనామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపలకు మన జాలర్ల పేర్లే పెట్టి 1803లో అచ్చువేయించాడు. ఈ పేరు అక్కడి నుంచి వచ్చిందే.)

మొప్ప రేకులు బాగా పల్చన, నిండా రక్తం. అందుకే చేప చచ్చాక తొందరగా పాడయ్యే భాగాల్లో అదొకటి. తాజా చేపకు రేకులు విడివిడిగా, నిగనిగలాడే ఎరుపుతో ఉంటాయి. పాతబడేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, జిగురు పట్టి, ఒకదానికొకటి అంటుకుంటాయి. అయితే రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. కరిగిన ఐసు నీళ్లలో ఎక్కువసేపు నానితే మంచి చేప మొప్ప కూడా పాలిపోతుంది. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉందా, వేలితో నొక్కిన చోట కండ మళ్లీ పైకి లేస్తోందా, పొట్ట గట్టిగా ఉందా అన్నవీ చూడాలి. చేప కర్రలా బిగుసుకుని ఉంటే అది మంచి గుర్తే, చచ్చి ఎక్కువసేపు కాలేదన్నమాట. కవళ్లకు (సార్డిన్ చేపలు) మాత్రం పొట్టే ముందు చూడండి. మేత నిండుగా ఉన్నప్పుడు పట్టుబడితే జీర్ణరసాలు పొట్టగోడనే తినేస్తాయి, మొప్ప ఎర్రగా ఉండగానే పొట్ట పగులుతుంది.

కానాగంత, కవళ్లు, తూర (ట్యూనా) చేపలను ఎండలో వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. వాటి కండలో ఉండే హిస్టిడిన్ అనే పదార్థాన్ని బాక్టీరియా హిస్టమిన్ అనే విషంగా మారుస్తుంది. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. చేపంత బరువు నలగ్గొట్టిన ఐసు వాడి, అడుగున ఐసు, మధ్యలో చేప, పైన ఐసు వరుసలుగా పేర్చడమే ఇది పుట్టకుండా చూసే దారి. పెద్ద ఐసు గడ్డ చేపకు పూర్తిగా ఆనదు.

వల సంగతీ మొప్ప దగ్గరే ఉంది. నీటిలో నిలువుగా వేలాడదీసే వలను గిల్ నెట్ అంటారు. చేప తల కంతలో దూరుతుంది, ఒళ్లు దూరదు, వెనక్కి లాగితే మొప్ప మూత దారానికి తగులుకుంటుంది. ఆ కంతే వల కన్ను. కొలిచేటప్పుడు తడి వలను ఎదురెదురు ముడులు పట్టుకుని బిగువుగా లాగి, ఒక ముడి లోపలి అంచు నుంచి ఎదుటి ముడి లోపలి అంచు దాకా మిల్లీమీటర్లలో తీస్తారు. కన్ను వదులుగా ఉండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. కన్ను చిన్నదైతే ఇంకా జన (గుడ్లు) పట్టని పిల్లలే ఎక్కువ పడతాయి.

ఇక పొట్ట. మలద్వారం దగ్గర కత్తి మొన పైపైనే పెట్టి మొప్పల దాకా కొయ్యండి. లోతుగా దిగితే చేదు తిత్తి పగులుతుంది. అది కార్జం దగ్గర ఆకుపచ్చగా ఉంటుంది. పగిలితే వెంటనే ధారగా నీళ్లు పోసి, పచ్చబడిన కండను కోసి పారేయండి, పులుసులో చేదు విరగదు. ఒక మాట గట్టిగా చెబుతాను. బొచ్చె, రోహు చేదు తిత్తి మింగితే షుగరు, కీళ్లనొప్పులు తగ్గుతాయని కొందరు నమ్ముతారు. దాన్ని మింగి కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. పచ్చిదైనా, ఉడికించినదైనా తినకండి.

వెన్నుముల్లుకు ఆనుకుని తెల్లగా ఉండేది గాలి తిత్తి, చేప ఏ లోతులో నిలవాలో సర్దుకోవడానికి. కచిడి చేప లక్షల ధర పలికేది దీనివల్లే. సొరకు గాలి తిత్తి ఉండదు, నూనె నిండిన పెద్ద కార్జమే తేలడానికి సాయపడుతుంది. జన అంటే ఆడచేప గుడ్ల తిత్తి, రెండు తమ్మెలుగా, గింజగింజగా ఉంటుంది. మగచేపకైతే అదే చోట తెల్లగా, నున్నగా ఉండే పాలు, అంటే వీర్యపు తిత్తి. వెన్నుముల్లు వెంట ముదురెరుపు గీతలా కనిపించేది మూత్రపిండం, గీకి కడగండి.

పొడవులు తేలికే. మూతి కొస నుంచి తోక చివరి దాకా మొత్తం పొడవు. తోక చీలిక లోపలి మొన దాకా ఫోర్క్ పొడవు. తోకరెక్క మొదలు దాకా ప్రామాణిక పొడవు. చేపను చదునైన బల్ల మీద నోరు మూసి పడుకోబెట్టి కొలవాలి, ఒంటి ఉబ్బు మీదుగా టేపు వేస్తే ఎక్కువ వస్తుంది. తోక కొసలు తరచూ విరుగుతాయి కాబట్టి కానాగంత, తూర లాంటి వాటికి ఫోర్క్ పొడవే నమ్మకం.

బైక్యాచ్ అంటే కోరకుండా పడినవి. శ్రీకాకుళం తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ట్రాల్ వలలో (పడవ వెనక ఈడ్చుకెళ్లే సంచి వల) చిక్కితే, ఊపిరికి పైకి రాలేక చస్తాయి. వల మెడలో ఊచల చట్రం బిగిస్తే చేప సందుల్లోంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు, ఇంజను బిగించిన పడవలకు వేట నిషేధం. చాలా జాతులు జన పట్టి గుడ్లు పెట్టే కాలమని ఆ గడువు పెట్టారు. ఇంజను లేని తెప్పలు, నావలు వెళ్లవచ్చు. ఆ రెండు నెలల్లో సముద్రపు చేప అంటూ పెద్ద మొత్తంలో అమ్ముతుంటే, ఎక్కడిది, ఎన్నాళ్లు ఐసులో ఉంది అని అడిగి, పైన చెప్పినట్టు కన్ను, కండ, పొట్ట చూసి కొనండి.