కార్డులు నిండిపోయి పడిపోయిన సిబిల్ స్కోర్ మళ్ళీ ఎక్కుతుందా? మా ఇంట్లో ఎలా ఎక్కిందో చెప్తాను

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. మూడు కార్డులు, అన్నీ కలిపి లిమిట్ 4 లక్షలు, అందులో 3.6 లక్షలు వాడేశారు, ఇప్పటిదాకా ఒక్క నెల కూడా పేమెంట్ మిస్ అవ్వలేదు, అయినా సిబిల్ స్కోర్ (అప్పు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే నంబర్) 770 నుంచి 670కి పడిపోయింది. మళ్ళీ పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది, మూడు నెలలు కట్టడం ఆపేస్తే బ్యాంకే సెటిల్‌మెంట్‌కి, అంటే తక్కువ కట్టించుకుని వదిలేయడానికి, వస్తుందని ఫ్రెండ్ చెప్తున్నాడు అది చేయొచ్చా, కార్డులు క్లోజ్ చేసేస్తే మంచిదా అని అడిగారు. ముందు మధ్య ప్రశ్నకి చెప్తాను ఎందుకంటే మిగతా అన్నిటికంటే అదే ముఖ్యం: దయచేసి కట్టడం ఆపకండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న అసలైన ఆస్తి ఆ క్లీన్ రికార్డే, అది ఒకసారి పోతే ఏళ్ళు పడుతుంది, బ్యాలెన్స్ వల్ల పడిన స్కోర్ మాత్రం బ్యాలెన్స్ తగ్గితే తిరిగి వస్తుంది.

మాకు దాదాపు ఇలాగే అయిందండి. మా మామగారికి బైపాస్ చేయాల్సి వచ్చింది, ఇన్సూరెన్స్ ఉంది కానీ క్యాష్‌లెస్ ఒప్పుకోలేదు, ముందు మీరు కట్టండి తర్వాత క్లెయిమ్ పెట్టుకోండి అన్నారు, ఆ టైమ్‌లో ఎవర్ని అడుగుతాం, నా కార్డూ మా ఆయన కార్డూ రెండూ గీకేశాం, తర్వాత మందులు టెస్టులు గుంటూరు హైదరాబాద్ తిరగడాలు అన్నీ వాటి మీదే. క్లెయిమ్ డబ్బులు వచ్చేసరికి చాలా నెలలు పట్టింది, వచ్చింది కూడా మొత్తం కాదు. ఈ లోపు నా స్కోర్ 780ల నుంచి 680ల్లోకి దిగింది, ఒక్క డ్యూ డేట్ కూడా దాటలేదు, నాకు ఎంత కోపం వచ్చిందో, నెలనెలా కడుతున్నా కదా ఎందుకు తగ్గిస్తున్నారు అని. తర్వాత సిబిల్ రిపోర్ట్ మొత్తం తీసి చదివితే అప్పుడు అర్థమైంది.

విషయం ఏంటంటే స్కోర్ 300 నుంచి 900 మధ్యలో ఉంటుంది కదా, అందులో టైమ్‌కి కట్టారా లేదా అన్నదానికి బాగా వెయిట్ ఉంటుంది, దాంతో పాటు ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడేస్తున్నారు అన్నది కూడా చూస్తారు. మీది 4 లక్షల్లో 3.6 అంటే 90 శాతం. బ్యాంకు వాళ్ళకి ఆ నంబర్ చూస్తే ఈ మనిషికి చేతిలో డబ్బు ఆడట్లేదు అన్నట్టు కనిపిస్తుంది, కారణం హాస్పిటలా పెళ్ళా షాపింగా అన్నది రిపోర్ట్‌లో ఉండదు. 30 శాతం లోపు ఉంటే మంచిదని అందరూ చెప్పేది ఇందుకే, మీ లెక్కలో అది 1.2 లక్షలు. అంటే మొత్తం సున్నా అయ్యేదాకా ఆగక్కర్లేదు, 2.4 లక్షలు తగ్గించగలిగితే చాలావరకు ఒడ్డున పడ్డట్టే.

కానీ మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన భాగం మాత్రమే కడుతూ అక్కడికి చేరలేరు. లెక్క వేసి చూపిస్తాను. కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 3.6 లక్షల మీద ఒక నెల వడ్డీ 12,600, దాని మీద జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 2,268, మొత్తం 14,868. మినిమం డ్యూ 5 శాతం అనుకుంటే 18,000 కడతారు. అందులో అసలుకి వెళ్ళేది 3,132 రూపాయలు మాత్రమే! 18 వేలు కట్టి 3 వేలు తగ్గించుకుంటున్నారు. పైగా పాత బ్యాలెన్స్ ఉన్నంత కాలం ఆ కార్డు మీద కొత్తగా కొన్న వాటికి ఆ వడ్డీ లేని రోజులు ఉండవు, ఈరోజు పాలప్యాకెట్ కొన్నా ఈరోజు నుంచే వడ్డీ. యూపీఐకి రూపే క్రెడిట్ కార్డు లింక్ చేసి ఉంటే ముందు ఆ లింక్ తీసేయండి, మేము చేసిన మొదటి పని అదే, టీకి టిఫిన్‌కి అది ఎక్కుతూ ఉంటే బ్యాలెన్స్ ఎప్పటికీ దిగదు.

అసలు మమ్మల్ని బయటపడేసింది బంగారం. నాకూ ఇష్టం లేదు, మా అత్తగారు అయితే బంగారం కుదవ పెట్టడం అంటే పరువు పోయినట్టు ఫీలయ్యారు, కానీ కాగితం మీద లెక్క రాసి చూపించాం. లక్షన్నర కార్డు మీద ఉంటే నెలకి వడ్డీ 5,250, జీఎస్టీతో కలిపి 6,195. అదే లక్షన్నర బ్యాంకులో గోల్డ్ లోన్ 9 శాతానికి తీసుకుంటే నెలకి 1,125. నెలకి ఐదు వేల తేడా. నగ బీరువాలో ఉండి మనం ఐదు వేలు బయట పోసుకోవడంలో అర్థం లేదని ఆవిడే అన్నారు తర్వాత. బ్యాంకులోనే పెట్టండి, వీధి చివర వడ్డీ వ్యాపారి దగ్గర కాదు. గోల్డ్ లోన్ కూడా రిపోర్ట్‌లో కనిపిస్తుంది కాబట్టి దాని వడ్డీ, గడువు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి, కానీ అది కార్డు లిమిట్ వాడకం లెక్కలోకి రాదు.

రెండోది చిట్టీ. రిజిస్టర్డ్ కంపెనీలో వేస్తున్న చిట్టీ సగం దాటింది, దాన్ని పాడుకున్నాం. మొదటి నెలల్లో పాడితే పాట తగ్గింపు కింద ఎక్కువ పోతుంది, సగం దాటాక అంత పోదు, అయినా పోయేదెంత కార్డు వడ్డీ మిగిలేదెంత అని రెండూ పక్కపక్కన రాసుకుని చూడండి, ఊరికే తొందరపడి పాడొద్దు. ఎల్‌ఐసీ పాలసీ పాతది ఉంటే దాని మీద లోన్ వస్తుంది, ఎఫ్‌డీ ఉంటే దాని మీద వస్తుంది, ఇవన్నీ అయ్యాకే పర్సనల్ లోన్ ఆలోచించండి. 670 స్కోర్ మీద మంచి రేటుకి పర్సనల్ లోన్ దొరకడం కష్టం, అడిగితే మీ జీతం పడే బ్యాంకులో మాత్రమే అడగండి. ఆన్‌లైన్‌లో ఎవరు తక్కువకి ఇస్తారో చూద్దాం అని నాలుగైదు యాప్‌ల్లో అప్లై కొడితే ప్రతి అప్లికేషన్‌కీ లోన్ అడిగారని రిపోర్ట్‌లో ఒక ఎంక్వైరీ పడుతుంది, దగ్గర దగ్గరగా అన్ని ఎంక్వైరీలు ఉంటే స్కోర్ ఇంకా దిగుతుంది. మీ స్కోర్ మీరు చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు, ఆ భయం అక్కర్లేదు, ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు.

కార్డు బ్యాలెన్స్‌ని ఈఎంఐగా మార్చుకోమని కూడా మెసేజ్‌లు వస్తుంటాయి, కార్డు వడ్డీ కంటే చాలా తక్కువకే ఇస్తారు, వేరే దారి లేనప్పుడు మంచిదే. కాకపోతే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, పైగా ఆ మొత్తానికి లిమిట్ బ్లాక్ అయ్యే ఉంటుంది, కాబట్టి వడ్డీ తగ్గుతుంది కానీ స్కోర్ వెంటనే ఎగరదు.

చేతికి వచ్చిన డబ్బుని మూడు కార్డుల మీదా తలా కొంచెం చల్లకండి. అన్నిటికీ మినిమం కట్టేసి, మిగిలింది మొత్తం ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద, రేటు ఒకటే అయితే చిన్న బ్యాలెన్స్ ఉన్నదాని మీద వేసి దాన్ని సున్నా చేయండి. ఒక కార్డు పూర్తిగా తీరితే దానికి వడ్డీ లేని రోజులు మళ్ళీ వస్తాయి, ఇంట్లో వాళ్ళకి కూడా ఒకటి అయిపోయింది అన్న ధైర్యం వస్తుంది, ఆ ధైర్యం చిన్న విషయం కాదు. మా ఆయన కార్డు ముందు తీర్చాం, తర్వాత క్లెయిమ్ డబ్బులు వస్తే నాది చాలావరకు తీరింది.

ఎన్నాళ్ళు పడుతుంది అన్నారు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకొకసారి బ్యూరోలకి (సిబిల్ లాంటి, స్కోర్ లెక్కేసే కంపెనీలకి) డేటా పంపాలని ఆర్‌బీఐ రూల్ పెట్టింది, అంతకుముందు నెలకొకసారి ఉండేది, కాబట్టి మీరు కట్టింది రిపోర్ట్‌లోకి తొందరగానే ఎక్కుతుంది. పెద్ద మొత్తం కట్టిన తర్వాత రెండు మూడు నెలల్లో కదలిక కనిపించింది మాకు, 750 దాటడానికి ఏడాది దగ్గర పట్టింది. మీకు ఇంతే పడుతుందని నేను చెప్పలేను, పాత హిస్టరీ ఎంత, వేరే లోన్లు ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది, కానీ పేమెంట్లు మిస్ కాలేదు కాబట్టి మీది బాగవ్వదగ్గ కేసే. ఇంకోటి, తీరుతున్న కార్డుల్ని వాడాల్సి వస్తే బిల్లు జెనరేట్ అవ్వకముందే కట్టేయండి, స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ చిన్నగా కనిపించడం మంచిది.

ఇప్పుడు ఆ ఫ్రెండ్ సలహా గురించి. కట్టడం ఆపితే ఏమవుతుందంటే, సిబిల్ రిపోర్ట్‌లో నెలనెలా ఒక గడి ఉంటుంది, డ్యూ డేట్ దాటి ఎన్ని రోజులైందో అందులో పడుతుంది, టైమ్‌కి కడితే 000, నెల దాటితే 030, అలా, 36 నెలలవి కనిపిస్తాయి. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఈ లోపు లేట్ ఫీజులు, వడ్డీ, రికవరీ వాళ్ళ ఫోన్లు. చివరికి సగానికి సెటిల్ చేసినా అకౌంట్ మీద సెటిల్డ్ అని పడుతుంది, క్లోజ్డ్ అని కాదు, అంటే ఈయన పూర్తిగా కట్టలేదు అని రేపు హోమ్ లోన్ ఇచ్చే మేనేజర్‌కి కనిపిస్తుంది. నిజంగా ఉద్యోగం పోయి, కట్టే దారే లేనివాళ్ళకి సెటిల్‌మెంట్ ఒక దారి, వాళ్ళని నేను తప్పు పట్టను. మీకు జీతం వస్తోంది, మీరు ఆ గుంటలో కావాలని దిగొద్దు. ఇప్పటికే సెటిల్ చేసుకున్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మిగిలిన మొత్తం కట్టి, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకుని, రిపోర్ట్‌లో మార్చమని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి.

ఏ నెలైనా చేయి ఆడకపోతే కనీసం మినిమం డ్యూకి ఆటో డెబిట్ పెట్టుకోండి, రికార్డ్ కాపాడుకోవడానికి. డ్యూ డేట్ రోజు సర్వర్ పనిచేయక ఆగిపోతే కంగారు పడొద్దు, డ్యూ డేట్ తర్వాత మూడు రోజులు దాటితేనే లేట్ అని బ్యూరోకి పంపాలి, లేట్ ఫీజు వేయాలి అని ఆర్‌బీఐ చెప్పింది. దాన్ని అలవాటుగా మాత్రం వాడుకోవద్దు.

రిపోర్ట్ తప్పకుండా మొత్తం చదవండి, స్కోర్ నంబర్ ఒక్కటే చూసి మూసేయొద్దు. మన దేశంలో నాలుగు బ్యూరోలు ఉన్నాయి, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఒక్కొక్కరు ఏడాదికొక ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. నా దాంట్లో ఎప్పుడో ఫ్రిజ్ కొన్నప్పుడు తీసుకున్న లోన్, పూర్తిగా తీరిపోయింది, ఇంకా ఓపెన్‌లో ఉన్నట్టు చూపిస్తోంది! లోన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అన్నారు, చివరికి బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి, క్లోజర్ లెటర్ జత చేశాకే కదిలింది. ఇలాంటి కంప్లైంట్ 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది, ఆ మాట మెయిల్‌లో రాయండి, పని చేస్తుంది. అప్పటికీ వినకపోతే ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫ్రీగా కంప్లైంట్ పెట్టొచ్చు, 14448 నంబర్ ఉంది, బ్యూరోల మీద కూడా పెట్టొచ్చు. మధ్యలో సిబిల్ క్లీన్ చేస్తాం, ఇంత ఇవ్వండి అనేవాళ్ళు వాట్సాప్‌లో దిగుతారు, వాళ్ళకి ఒక్క రూపాయి, ఒక్క ఓటీపీ ఇవ్వకండి. తప్పుగా పడినదాన్ని మీరే ఫ్రీగా సరిచేయించుకోవచ్చు, నిజంగా పడినదాన్ని ఎవరూ తీయలేరు.

ఇక కార్డులు క్లోజ్ చేయడం. ఇప్పుడే వద్దు. లక్ష లిమిట్ ఉన్న కార్డు తీర్చి మూసేశారనుకోండి, మిగిలిన లిమిట్ 3 లక్షలే అవుతుంది, ఉన్న బ్యాలెన్స్ అంతే ఉంటుంది, శాతం పెరిగిపోతుంది. ముందు అన్నీ 30 శాతం లోపుకి దించండి. బాగా పాతది, ఏటా ఫీజు లేనిది ఉంటే ఉంచుకుని నెలకి కరెంటు బిల్లు లాంటిది ఒక్కటి దాని మీద కట్టి, వచ్చిన బిల్లు పూర్తిగా తీర్చేస్తూ ఉండండి. ఏటా ఫీజు పీక్కునే కొత్త కార్డు ఉంటే అప్పుడు మూసేయండి. బ్యాలెన్స్ ఏమీ లేకపోతే మీరు అడిగిన 7 పని దినాల్లో క్లోజ్ చేయాలి, లేట్ చేస్తే రోజుకి 500 రూపాయలు వాళ్ళే మీకు ఇవ్వాలి, ఇదీ ఆర్‌బీఐ రూలే. ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా మెయిల్ పెట్టండి, నో డ్యూస్ లెటర్ దాచుకోండి, నెలా రెండు నెలల తర్వాత రిపోర్ట్ తీసి ఆ అకౌంట్ క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి.