రా జీవమా, రాజీవమా?

ప్రశ్న: త్యాగరాజస్వామి రామభక్తుడు కదా, ‘ఎవరని నిర్ణయించిరిరా’ కీర్తనలో శివుడి మాట ఎందుకొచ్చింది? పుష్య బహుళ పంచమి ఆరాధనలో మా అమ్మాయి అది పాడబోతోంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అసలు ఆయన పేరే శివుడిది. 1767లో తిరువారూరులో పుట్టారు, అక్కడి గుడిలో కొలువైన శివుడు త్యాగరాజస్వామి. ఇంటిపేరు కాకర్ల, అది మన కంభం వైపు ఊరు. చెన్నై దగ్గరి కోవూరులో ఉన్న శివుడు, సుందరేశ్వరుడి మీద ఏకంగా అయిదు కీర్తనలు రాశారు. రాముడొక్కడే ఆయన ఇష్టదైవం, అందులో అనుమానం లేదు. అయితే ఆ రాముడు ఎవరు? శివుడా, మాధవుడా, బ్రహ్మా, పరబ్రహ్మమా అని దేవామృతవర్షిణి రాగంలో ఆయనే అడిగారు. జవాబు చరణంలో ఉంది:

‘శివమంత్రమునకు మ జీవము, మాధవమంత్రమునకు రా జీవము’

‘నమః శివాయ’లో ‘మ’ తీసేస్తే ‘న శివాయ’, అంటే శుభం లేదని. ‘నారాయణాయ’లో ‘రా’ తీసేస్తే ‘నాయణాయ’, దారి లేదని. ఆ రెండు ప్రాణాక్షరాలూ కలిస్తే ‘రామ’. ఎంత గొప్ప ఊహ!

పాడేటప్పుడు ఇదంతా ఒక్క దీర్ఘంతో పోతుంది. ‘మ’ని సాగదీస్తే ‘మా జీవము’, మన బతుకు అయిపోతుంది. ‘రా’ని వెంటనే ‘జీవము’తో అతికిస్తే ‘రాజీవము’, తామరపువ్వు! అందుకని ‘మునకు’ దగ్గర ఊపిరి తీసుకోమనండి. ‘మ’ పొట్టిగా, స్పష్టంగా పలకాలి. సంగతికి, అంటే అదే పంక్తిని కొత్త మలుపులతో మళ్లీ పాడటానికి, నిడివి కావాలంటే ‘జీ’ మీద తీసుకోవచ్చు. ‘రా’ తర్వాత ఊపిరి వద్దు, వెంట్రుకంత ఎడం చాలు.

పల్లవిలో ‘నిన్నెట్లా’ అని ఆగి ‘రాధించిరిరా’ అనేవాళ్లు చాలామంది. అది ‘నిన్ను ఎట్లు ఆరాధించిరి’. విరుపు ‘నిన్నెట్లారాధించిరిరా’ మధ్యలో ఎక్కడా రాకూడదు, ఒకే ఊపిరిలో పోవాలి. ముందు రాగం లేకుండా, మామూలు మాటల్లా పదిసార్లు చదివించండి. తర్వాత తాళం వేస్తూ చదివించి, అప్పుడు పాడించండి.

చరణం చివర ‘వినుత’ దగ్గర ముగించేయకుండా, ‘నిన్నెవరని’ అంటూ పల్లవిలోకి కలపాలి. అక్కడ ‘నిన్’ మింగేస్తే ఎవర్ని అడుగుతున్నారో వినేవాళ్లకి తెలియదు.