సైకాలజీ ల్యాబ్‌లో చేరమన్నారు... ఇదేనా రీసెర్చ్?

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. మా యూనివర్సిటీలోనే అటెన్షన్, మెమరీ మీద పనిచేసే ల్యాబ్‌లో వచ్చే నెల నుంచి ట్రైనీగా రమ్మన్నారు. వెళ్లి కనుక్కుంటే, ప్రయోగానికి వచ్చేవాళ్లను కూర్చోబెట్టడం, సూచనలు చదివి వినిపించడం, వీడియోలు చూసి కోడింగ్ చేయడమే (అంటే వాటిలో కనిపించిన ప్రవర్తనను గుర్తులుగా రాయడం) మొదటి కొన్ని నెలల పని అన్నారు. కౌన్సెలింగ్ వైపు వెళ్లాలన్నది నా ఆశ. దానికి ఇది పనికొస్తుందా? పైగా నాకు స్టాటిస్టిక్స్ అంటే చాలా టెన్షన్. చేరాలా, వద్దా?

జవాబు: తప్పకుండా చేరండి. మీరు చెప్పిన ఆ మూడు పనులూ చిన్నవిగా అనిపించి నిరాశపడినట్టున్నారు. చాలా ఏళ్లుగా ల్యాబ్ నడుపుతున్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఒక ప్రయోగం నిలబడేదీ పాడయ్యేదీ ఎక్కువగా ఆ పనుల దగ్గరే.

హాన్స్ అనే గుర్రం సంగతి మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది. అడిగిన లెక్కకు గిట్టతో నేల మీద కొట్టి జవాబు చెబుతుందని జర్మనీలో దానికి పెద్ద పేరు. సైకాలజిస్టు కార్ల్ స్టుంఫ్ దగ్గర పనిచేస్తున్న ఆస్కర్ ఫుంగ్స్ట్ దాన్ని ఓపిగ్గా పరీక్షించి 1907లో అసలు విషయం తేల్చారు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రమూ చెప్పలేకపోయింది. సరైన అంకె రాగానే అడిగినవాళ్ల తల తమకే తెలియకుండా కాస్త కదిలేది. అది చూసి గుర్రం ఆగిపోయేది. గుర్రమే అంత పసిగడితే, మీ ఎదురుగా కూర్చున్న మనిషి మీ ముఖంలో ఎంత చదవగలరో ఆలోచించండి.

అందుకే సూచనల కాగితాన్ని మొదటి మనిషికి ఎలా చదివారో చివరి మనిషికీ అలాగే చదవాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లల దగ్గర నేను ఎక్కువగా చూసేది ఒకటుంది. ఎదుటివాళ్లు కాస్త తడబడగానే పాపం అనిపించి, మధ్యలో “చాలా బాగా చేస్తున్నారు” అనేస్తారు. మనసు మంచిదే. కానీ ఆ మాట విన్న మనిషికీ, వినని మనిషికీ ఇక పోలిక కుదరదు. “థాంక్యూ, తర్వాతి భాగం మొదలుపెడదామా?” అనండి, చాలు. గొంతులో మర్యాద ఉండాలి, తీర్పు ఉండకూడదు. కౌన్సెలింగ్ గదిలో మీకు కావలసిందీ ఇదే కదా!

పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. “11.20: పక్క గదిలో కుర్చీ లాగిన చప్పుడు, తల తిప్పి చూశారు” అని ఎప్పటికప్పుడు రాయండి. రియాక్షన్ టైమ్‌ను మిల్లీసెకన్లలో కొలిచే పనిలో, ఆ ఒక్క సమాధానం ఎందుకు అంత ఆలస్యమైందో తర్వాత చెప్పగలిగేది ఆ వాక్యమే. పేరు మాత్రం ఎక్కడా రాయకండి, కోడ్ నంబరే. ఇంటికి వెళ్లి ఇవాళ ఫలానావాళ్లు వచ్చారని స్నేహితులతో అనడం కూడా తప్పే. అలాగే, ప్రయోగానికి ఒప్పుకుని సంతకం చేసినవాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోతామంటే కారణం అడగకుండా పంపించాలి. అది వాళ్ల హక్కు.

వీడియో కోడింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరు విడివిడిగా చూసి రాస్తారు. ఎంతవరకు కలిసిందో కోహెన్స్ కప్పా అనే కొలతతో చూస్తారు. ముందే ఒకరినొకరు అడిగి రాస్తే ఆ లెక్కకు అర్థమే లేదు.

ఇక స్టాటిస్టిక్స్. భయం పోవాలంటే పుస్తకం పక్కనపెట్టి మీ సొంత డేటా తయారు చేసుకోండి. 1935లో స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగం తెలుసు కదా, ‘ఎరుపు’ అనే మాటను నీలం రంగులో రాసి, రంగు పేరు చెప్పమనడం. ఉచితంగా దొరికే సైకోపై అనే ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మీరే తయారు చేసి, మీ మీద, ఇద్దరు ముగ్గురు స్నేహితుల మీద సాధన కోసం నడిపి చూడండి. ఆ అంకెలను జాస్ప్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి, అదీ ఉచితమే. ఎక్కడ తడుముకున్నారో గుర్తున్న మనిషికి సగటు, వ్యత్యాసం అన్న మాటలు వేరేగా వినిపిస్తాయి.

ఫలితం రాకపోతే కంగారు పడకండి. 2015లో వందకు పైగా పరిశోధకులు కలిసి, అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మూడో వంతుకు కాస్త ఎక్కువ వాటిలోనే గణాంకపరంగా గట్టి ఫలితం తిరిగొచ్చింది. అందుకే ఎవరి డేటా తీసేయాలన్న నియమం ముందే రాసుకోవాలి. ఫలితం చూశాక “వీళ్లను తీసేద్దాం” అని ఎవరైనా, చివరికి మీ సీనియరే అన్నా, ఎందుకని అడగండి. మంచి ల్యాబ్‌లో ఆ ప్రశ్న అడిగినందుకు ఎవరూ కోప్పడరు.

మీ లక్ష్యం కౌన్సెలింగ్ కాబట్టి ఒకటి ముఖ్యంగా చెప్పాలి. కొన్ని ప్రయోగాల్లో డిప్రెషన్ లక్షణాలను అడిగే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నావళి ఇస్తారు. అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. ఎవరైనా అక్కడ ‘అస్సలు లేదు’ కాకుండా మరేదైనా గుర్తుపెడితే, ట్రైనీగా మీరు కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదు, ఆ కాగితాన్ని మిగతావాటి కింద పెట్టి ఊరుకోకూడదు. మనిషి గదిలో ఉండగానే ఎవరిని పిలవాలి, ఆ సమయంలో వాళ్లు లేకపోతే తర్వాత ఎవరు, ఇవన్నీ చేరిన మొదటి రోజే అడిగి రాయించుకోండి. వాళ్ల దగ్గర స్పష్టమైన జవాబు లేకపోతే, అది తేలేదాకా ఆ ప్రశ్నావళి మీ చేతుల మీదుగా ఇవ్వనని చెప్పండి.

పరీక్షల తేదీలు కూడా ముందే చెప్పేయండి. రమ్మన్న మనిషి తలుపు దగ్గర నిలబడి ఉంటే, మీరు లేకపోవడం కుదరదు.