రవాణా చరిత్ర టూరా? వైజాగ్ కంటే ముందు నౌపడ వెళ్లండి

తొమ్మిదో తరగతి పిల్లలకి రవాణా చరిత్ర చూపించాలి, ఒక్కరోజులో వెళ్లి వచ్చేయాలి, ఎక్కడికి తీసుకెళ్లమంటారని నరసన్నపేట నుంచి ఒక టీచరు గారు అడిగారు. నేను టెక్కలి వైపు హైస్కూల్లో సోషల్ చెప్తాను. నన్నడిగితే టెక్కలి పక్కనున్న నౌపడ రైల్వే జంక్షనే.

మొదటిసారి నేనూ అందరిలాగే వైజాగ్ తీసుకెళ్లాను. కురుసుర సబ్‌మెరైన్ చూడదగ్గదే, కాదనను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, 2002లో బీచ్ ఒడ్డున జనం చూడ్డానికి పెట్టారు. కానీ లోపల ఇరుకు. వెనకాల వరస తోసుకొస్తుంటే ఇటు ఎక్కి అటు దిగిపోవడమే. మర్నాడు క్లాసులో ఏం చూశారర్రా అంటే సగం మంది మూరీ మిక్చర్ సంగతే చెప్పారు.

మరుసటి ఏడు నౌపడ పెట్టుకున్నాం. అక్కణ్ణుంచి గుణుపూరు వెళ్లే రైలు లైను కథ పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. మద్రాసు–కలకత్తా మెయిన్ లైను 1890లలో మన తీరం వెంబడి పడింది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి రాజుగారి ఊరు దానికి నలభై కిలోమీటర్ల ఎడంగా మిగిలిపోయింది. దాంతో ఆయనే నౌపడ నుంచి చిన్న లైను వేయించుకున్నారు. 1900లో రైలు నడిచింది, 1931 నాటికి గుణుపూరు చేరింది. 2004లో దాన్ని ఆపేసి, పట్టాలు తీసి, బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఎక్కువుండే పెద్ద లైను వేశారు. 2011 నుంచి గుణుపూరు దాకా పెద్ద రైలే.

పాత పట్టాలు లేవుగా, మరి ఏం చూపిస్తారంటారా? బయల్దేరే ముందు రోజు స్కూలు ఆవరణలో టేపు పట్టి సుద్దముక్కతో చిన్న లైను పట్టాలు, పెద్ద లైను పట్టాలు గీయించాను. పట్టాల మధ్య ఎడం చిన్నదానికి రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్దదానికి అయిదున్నర అడుగులు, 1676. ఒక బక్కపల్చని కుర్రాడు చిన్న లైను మీద అడ్డంగా పడుకున్నాడు. తల ఒక పక్కకి, కాళ్లు మోకాళ్ల నుంచి ఇంకో పక్కకి వచ్చేశాయి. పెద్ద లైను మీద పడుకుంటే నిండా లోపలే పట్టేశాడు.

నౌపడలో ఒకప్పుడు బస్తాలు మోసిన తాతని ముందే మాట్లాడి పెట్టుకున్నాను. చిన్న రైలు నుంచి పిల్లలు దిగి చింతకాయలు కోసుకుని మళ్లీ ఎక్కేవారని చెప్పాడు (ఏ చిన్న రైలు గురించి అడిగినా ఈ మాట చెప్తారు లెండి). అసలు విషయం తర్వాత వచ్చింది. "ఏటి బాబూ, ఆ పెట్టెలు ఈ పట్టాల మీదకి రావు కదా. ప్రతి బస్తా దించాల, మళ్లీ ఎత్తాల" అన్నాడు. గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం, మారితే ఏమవుతుందో నేను బోర్డు మీద రెండు పీరియడ్లు చెప్పినా అంత ఎక్కలేదు. ప్లాట్‌ఫాం మీద పిల్లలు తమ స్కూలు బ్యాగులతోనే ఆ పని చేసి చూశారు. ముప్ఫై బ్యాగులకే చెమటలు పట్టాయి.

అక్కణ్ణుంచి పాసింజరెక్కి టెక్కలి మీదుగా పాతపట్నం. ఒక జాగ్రత్త: ఆ లైన్లో రైళ్లు తక్కువ. తిరుగు రైలు టైము చూసుకోకుండా వెళ్లకండి. మేం పాతపట్నంలో తిరుగు రైలు తప్పిపోయి, ఆర్టీసీ బస్సులో నిలబడి టెక్కలి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. గేటు దగ్గర తల్లిదండ్రులంతా నా కోసమే కాచుకుని ఉన్నారు.